నర్సమ్మ కూర్చున్న చోటు

అవ్వ ప్రాణం పోలేదు.

నిన్న పొద్దున దవాఖాన నుండి తెచ్చినప్పుడు పొద్దుగూకేదాకా కూడా ఉండదని అందరూ అన్నారు. మంచం మీద ప్రాణం పోవద్దని ముందరి అర్రలో, పత్తి కుప్ప పక్కన, నేల మీద బొంత పరిచి పడుకోబెట్టారు. ఇవాళ మళ్ళీ పొద్దెక్కింది. అవ్వ ఛాతీ ఇంకా లేస్తూ దిగుతూనే ఉంది.

వచ్చినవాళ్ళకు ఏం చేయాలో తోచడం లేదు. ఏడ్చినవాళ్ళు ఏడ్పు ఆపి చాయ తాగుతున్నారు. పత్తి ఏరడానికి పోవాల్సినవాళ్ళు పోవచ్చా, పోతే బాగుంటుందా అని వాకిట్లో గుసగుసలాడుతున్నారు. హాలియా నుండి వచ్చిన మా మేనత్త నాగులమ్మ మాత్రం అవ్వ తల దగ్గరి నుండి కదలలేదు. గడప దాటి వచ్చిన ప్రతి ఒక్కరి చేతికీ చెంబు అందించి, అవ్వ నోట్లో నీళ్ళు పోయిస్తున్నది. పోయేవాళ్ళు దాహంతో పోవద్దని మా వైపు అట్లా పోస్తారు. ఎంతమంది పోశారో నేను లెక్కపెట్టలేదు. చెంబు నింపింది మాత్రం నేనే. నల్లా నీళ్ళు వద్దని, పాత చేదబావి నీళ్ళే తెమ్మని అత్త పంపింది. అవ్వ బతుకంతా తాగినవి అవేనట. ఫ్లోరైడుతో అవ్వ నడుమును వంచినవి కూడా అవే నీళ్ళని ఎవరూ అనలేదు. ఆ నడుముతో అవ్వ వెల్లకిలా పడుకోలేదు. పక్కకు ఒరిగి, మోకాళ్ళు ముడుచుకొని, చిన్నపిల్లలా ఉంది.

పది గంటలప్పుడు అత్త చెంబు కింద పెట్టి తన తమ్ముడైన మా బాపు వైపు తిరిగింది.

"ఇంతకు డాక్టరు ఏమన్నడు తమ్మీ?"

బాపు పత్తి కుప్పకు ఆనుకొని కూర్చున్నాడు. డాక్టరు అప్పుడు దవాఖానలో లేడని, మధ్యాహ్నం వస్తాడన్నారని, అందాకా ఆగలేదని మెల్లగా చెప్పాడు.

"మరి ఐపోయిందని ఎవలు చెప్పిన్రు?"

బాపు తల ఎత్తలేదు. "నర్సమ్మ పక్కన కూసున్నది."

"నువ్వు చూసినవా?"

"నేను చేన్ల ఉన్న. హరిత చూసింది. ఫోన్ చేసి చెప్పింది."

అర్రలో ఉన్నవాళ్ళందరూ నా వైపు చూశారు. నేను చేతిలో ఉన్న చాయ గ్లాసుల వైపు చూసుకున్నాను.

నేను చూసింది నిజమే. నల్గొండలో అవ్వను చేర్చిన వార్డులో పన్నెండు మంచాలు. ఇద్దరు నర్సులు. వాళ్ళు ఊరికే కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. రాసుకునేది కూడా నిలబడే రాసుకునేవాళ్ళు. మేం పోయిన మొదటి రోజు సాయంత్రం వాళ్ళలో ఒకరైన గ్లోరీ సిస్టర్ మూలన ఉన్న మంచం దగ్గరికి ఒక ఇనుప స్టూలు జరుపుకొని కూర్చుంది. ఆ మంచం మీద ఒక ముసలాయన. రామన్నపేట దిక్కు నుండి ఎవరో తెచ్చి చేర్పించి పోయారట. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి చూస్తుందేమో అనుకున్నాను. నాడి చూడడానికి అంతసేపు పట్టదు. వార్డులో లైట్లు వేసే లోపలే ఆయన పోయాడు.

మా పక్క మంచానికి కావలి ఉన్న ఆడమనిషి నా చెవిలో చెప్పింది. నర్సమ్మ కూసున్నదంటే ఇగ అంతేనట. వాళ్ళకు ముందే తెలుస్తుందట.

రెండు రోజుల తర్వాత అదే స్టూలు మా అవ్వ పక్కకు వచ్చింది.

నేను వరండాలోకి పోయి బాపుకు ఫోన్ చేశాను. నర్సమ్మ అవ్వ పక్కన స్టూలేసుకొని కూసున్నదని చెప్పాను. ఆ ఒక్క మాటే. బాపు ఇంకేం అడగలేదు. రెండు గంటల్లో జీపు మాట్లాడుకొని వచ్చేశాడు. ఎందుకు కూర్చున్నారు సిస్టర్ అని నేను ఆమెను అడగాల్సింది. ఆమె నాకు మూడడుగుల దూరంలోనే ఉంది. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు రాదు. బడిలో హాజరు పలకడానికే నా గొంతు సగం పోతుంది.

బాపు అంత తొందరపడడానికి ఒక కారణం ఉంది. మూడేళ్ళ కింద కరోనాలో తాతను ఇంకో దవాఖానకు తీసుకుపోయారు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. తొమ్మిది రోజులు బాపు గేటు బయట కూర్చున్నాడు. పదో రోజు జిప్పు సంచిలో తాతను ఇచ్చారు. మొహం చూపించలేదు. అవ్వను మాత్రం నా ఇంట్లో, నా చేతుల్లోనే పోనిస్త అని బాపు ఆ రోజే అన్నాడని అమ్మ చెబుతుంది.

అందుకే గ్లోరీ సిస్టర్ వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఇంకో మూడు రోజులు ఉంచమని ఆమె అడిగింది. అందరికీ అట్లనే చెప్తరు అని బాపు, మా ఇష్టంతోనే తీసుకుపోతున్నామన్న కాగితం మీద సంతకం పెట్టాడు. జీపు ఎక్కేటప్పుడు ఆమె మందుల చీటీ వెనక తన నంబరు రాసి నా చేతిలో పెట్టింది.

అత్త ఇప్పుడు నన్ను చూడడం మానేసి బాపును చూస్తున్నది.

"పదో తరగతి పొల్ల మాటకు తల్లిని ఎత్తుకొచ్చినవా?"

"అక్కా, ఊకో."

"నేనేమంటున్న? అడుగుతున్న. ఊరందరికీ ఫోన్లు చేసినవ్. నేను నా మనుమరాలి చెవులు కుట్టేది ఆపుకొని వచ్చిన. అమ్మ చూస్తే కండ్లు తెరుస్తాంది."

"పోలేదని బాధనా నీకు?"

అత్త కొంగుతో అవ్వ మూతి తుడిచింది. బాపు అన్న మాట బాపుకే తప్పుగా వినిపించి ఉంటుంది. లేచి వాకిట్లోకి పోయాడు. అక్కడ కూర్చున్నవాళ్ళు చప్పున మాటలు ఆపారు. అత్త మళ్ళీ చెంబు అందుకుంది.

అమ్మ నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది. మా అమ్మ త్రివేణి ఈ ఇంట్లో అత్త ఉన్నంతసేపు గట్టిగా మాట్లాడదు. పప్పు డబ్బా వెనక నుండి ఆ చీటీ తీసి, తన ఫోను కూడా నా చేతిలో పెట్టింది.

"ఎందుకు కూసున్నదో అడుగు. గా ఒక్క ముక్క అడుగు."

నేను ఇంటి వెనక్కి, ఎండేసిన పత్తి కట్టె దగ్గరికి పోయాను. మూడుసార్లు నంబరు నొక్కి మూడుసార్లు కట్ చేశాను. నాలుగోసారి అటునుండే ఫోన్ వచ్చింది.

నేను పేరు చెప్పగానే ఆమె గుర్తుపట్టింది. అవ్వ ఎట్లా ఉందని అడిగింది. ఉందని చెప్పాను. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరుస్తుందా అని అడిగింది. తెరిచి మళ్ళీ మూసుకుంటుందని, ఏదేదో మాట్లాడుతుందని, నిన్నటి కంటే మత్తుగా ఉందని చెప్పాను. ఏం తింటున్నది అని అడిగింది. ఏమీ తినడం లేదు, నీళ్ళు తాగుతున్నది అన్నాను.

"ఎన్ని నీళ్ళు?"

నేను చెంబు సంగతి చెప్పాను. వచ్చినవాళ్ళందరూ పోస్తున్నారని చెప్పాను.

ఫోన్ కట్ అయిందేమో అని చూసుకున్నాను.

తర్వాత ఆమె నెమ్మదిగా, నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. అవ్వకు వాంతులు, విరేచనాలు అయి ఒంట్లో ఉప్పు బాగా పడిపోయింది. ఆ మత్తు, ఆ పిచ్చి మాటలు అందుకే. ఉప్పును సూది ద్వారా చాలా మెల్లగా ఎక్కిస్తూ వచ్చారు. ఇప్పుడు ఉత్త నీళ్ళు పోస్తే ఉన్న ఉప్పు ఇంకా పలచబడుతుంది. అదీ గాక మత్తులో ఉన్న మనిషికి నీళ్ళు పోస్తే కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"హరితా, అవ్వ సచ్చిపోతలేకుండె. ఇప్పుడు మీరు పోస్తున్న నీళ్ళకే పోయేటట్టున్నది. ముందు గా చెంబు ఆపు. నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యిమని మీ బాపుకు చెప్పు. నాకు డ్యూటీ అయిపోయింది, నేను మీ ఊరికి బస్సెక్కుతున్న."

ఎందుకు కూర్చున్నారని అడగడం మరిచిపోయాను.

నేను అర్రలోకి వచ్చేసరికి అత్త అవ్వ తలను ఒళ్ళో పెట్టుకుంది. పక్కింటి గుర్వయ్య తాత వంగి చెంబు అందుకుంటున్నాడు. చెప్పాల్సిన మాటలన్నీ పత్తి కట్టె దగ్గర నుండి వరసగా అనుకుంటూ వచ్చాను. ఒక్కటీ రాలేదు. పోయి ఆయన చేతిలో నుండి చెంబు లాక్కున్నాను. సగం నీళ్ళు నా మీదే పడ్డాయి.

"నీళ్ళు పొయ్యొద్దు."

మెల్లగానే అన్నాను గానీ అందరికీ వినిపించింది.

అత్త నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. కోపం కాదు. నన్ను ఎవరో తెలియనట్టు చూసింది.

"నా తల్లి నోట్ల నేను నీళ్ళు పొయ్యొద్దా?"

దవాఖానలో అట్లనే చెప్పారని నసిగాను. ఉప్పు అన్నాను, ఊపిరితిత్తులు అన్నాను, ఏదీ సరిగ్గా చెప్పలేకపోయాను. దాహంతో పోయేవాళ్ళ నోటి ముందు నుండి నీళ్ళు లాక్కోవడం ఎక్కడైనా ఉందా అని ఎవరో అన్నారు. చదువుకుంటే గిట్లనే అయితరు అని ఇంకెవరో అన్నారు. గుర్వయ్య తాత చేతులు చాచినట్టే ఉంచి, ఇప్పుడు ఏం చేయాలో తెలియక నా వైపూ అత్త వైపూ చూస్తున్నాడు.

అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. చెంబు నా చేతిలో నుండి తీసుకొని లోపలికి పట్టుకుపోయింది. మా అమ్మ అత్త మాట కాదని ఏదైనా చేయడం నేను చూడడం అదే మొదటిసారి.

బాపుకు నూట ఎనిమిది సంగతి చెప్పాను. ఆయన వినలేదనుకొని మళ్ళీ చెప్పాను.

"నిన్న ఒక మాట చెప్పినవ్, తోల్కొచ్చిన. ఇయ్యాల ఇంకో మాట చెప్తున్నవ్. ఏది నమ్మాలె బిడ్డా?"

బాపు నన్ను తిట్టలేదు. నిజంగానే అడిగాడు.

గ్లోరీ సిస్టర్ రెండున్నరకు వచ్చింది. మర్రిగూడ దాకా బస్సు, అక్కడి నుండి ఆటో. తెల్ల బట్టలు లేకపోయేసరికి ఎవరూ ఆమెను నర్సు అనుకోలేదు, ఏదో చుట్టమనుకున్నారు. పసుపు రంగు పంజాబీ డ్రెస్సు, భుజానికి సంచి, రాత్రంతా నిద్ర లేని కళ్ళు. ఇంత చిన్న మనిషా అనిపించింది. దవాఖానలో పొడుగ్గా కనిపించేది.

చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నన్ను చూసి తల ఊపింది. నేరుగా అవ్వ దగ్గరికి పోయి, పక్కన నేల మీద కూర్చుంది.

"ఇగో ఆమెనే దవాఖాన నర్సమ్మ," అని నేను అమ్మతో అన్నాను.

అనకుండా ఉండాల్సింది. అత్త విన్నది. ఒక్కసారి గుండె బాదుకొని ఏడ్పు ఎత్తుకుంది. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళు లోపలికి ఉరికొచ్చి, ఆమె అవ్వ పక్కన కూర్చొని ఉండడం చూసి, వాళ్ళూ ఎత్తుకున్నారు. పొద్దటి నుండి ఆపుకున్న ఏడ్పంతా ఒకేసారి అర్ర నిండింది.

గ్లోరీ సిస్టర్ అదిరిపోయి లేచి నిలబడింది. ఏడ్పు కాస్త తగ్గింది. మళ్ళీ కూర్చోబోయింది. మళ్ళీ పెరిగింది. ఆమె సగం వంగి అట్లాగే ఆగిపోయి, ఏమైందని కళ్ళతో నన్ను అడిగింది.

నేను ఆమెకు మొత్తం చెప్పాను. మూలన ముసలాయన గురించి, స్టూలు గురించి, పక్క మంచం మనిషి చెప్పిన మాట గురించి, నా ఫోన్ గురించి. అంత పొడుగు మాట నేను ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. అర్రంతా వింటున్నది. చెబుతుంటే ఆమె మొహంలో రంగు మారింది.

ఆమె బాపు వైపు తిరిగింది.

"అన్నా, అవ్వ సూది గుంజేసుకుంటుండె. రెండుసార్లు గుంజింది. ఉప్పు నీళ్ళు వేగంగ పోతే మెదడుకు ప్రమాదం, పోకపోయినా ప్రమాదం. చెయ్యి పట్టుకుంటే ఊకుంటుండె. అందుకే కూసున్న."

"మరి ఆ ముసలాయన?" బాపు అడిగాడు.

"ఆయన దగ్గర ఎవలూ లేరు. అందుకు కూసున్న."

"అంటే పోయేటోళ్ళ దగ్గరా కూసుంటరు, బతికేటోళ్ళ దగ్గరా కూసుంటరు."

"అవునన్నా."

"మరి మాకెట్ల తెలుస్తది?"

ఆమె తన చేతులు చూసుకుంది. "నాకు గూడ అన్నిసార్లు తెల్వదు," అంది.

నాకు అప్పుడు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆమె గట్టిగా ఒకటే మాట చెబితే బాగుండును. కూర్చోవడం అంటే ఇదీ అని చెబితే నా తప్పు ఎంతో నాకు తెలిసేది. ఒకే స్టూలు, ఒకే మనిషి, అదే చేయి పట్టుకోవడం. అక్కడ ఒకరు పోయారు. ఇక్కడ ఒకరు పోకుండా ఉన్నారు. నేను చూసింది తప్పు కాదు, అర్థం చేసుకుంది తప్పు. కానీ ఆమె కూడా అన్నిసార్లూ అర్థం చేసుకోలేదంటే నేను ఎట్లా చేసుకోవాలి?

ఆమె సంచిలో నుండి క్లిప్పు లాంటిదేదో తీసి అవ్వ వేలికి తగిలించింది, అవ్వ కనురెప్పలు ఎత్తి చూసింది, ఛాతీకి చెవి దగ్గరగా పెట్టింది. తర్వాత ఎవరినీ అడగకుండా నూట ఎనిమిదికి ఫోన్ చేసింది.

బాపు ఆపలేదు. గడపలో కూర్చొని, ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"కరోనాల మీరు పని చేసిన్రా?"

"చేసిన. ఇక్కడ కాదు, పట్నంల."

"అప్పుడు లోపల ఉన్నోళ్ళ పక్కన ఎవలన్న కూసున్నరా?"

మా అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాత గురించి బాపు ఇన్నేళ్ళలో ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

కూర్చున్నామని గ్లోరీ సిస్టర్ చెప్పేయవచ్చు. చెబితే బాపు నమ్మేవాడు.

"నలభై మంచాలకు ముగ్గురం ఉంటిమి," అంది ఆమె. "కొందరి దగ్గర కూసున్న. కొందరి దగ్గరికి పోయేసరికే అయిపోయింది. మీ నాయిన దగ్గర ఎవలున్నరో నాకు తెల్వదన్నా."

బాపు గడప చెక్కను గోటితో గీకుతున్నాడు. అత్త ఏడ్పు ఆపి తమ్ముణ్ణి చూస్తున్నది. పక్కింట్లో ఎవరో మోటరు వేశారు.

అవ్వ కళ్ళు తెరిచింది. అందరం ఆమె మీదికి వంగాం. అవ్వ ఎవరినీ పట్టించుకోకుండా చేయి చాచి గ్లోరీ సిస్టర్ చున్నీ పట్టుకుంది. ఆమెను ఎవరనుకుందో తెలియదు.

"బర్రెను కట్టేసిన్రా?" అంది అవ్వ.

మా ఇంట్లో బర్రె లేక పదేళ్ళయింది.

"కట్టేసిన అవ్వా," అంది గ్లోరీ సిస్టర్.

అవ్వ కళ్ళు మూసుకుంది. చున్నీ వదలలేదు.

అది చూసి మొదట మెత్తబడింది అత్త. ముక్కు తుడుచుకొని, తోల్కపోదాం తమ్మీ అంది. బాపు లేచి వచ్చి గ్లోరీ సిస్టర్ ముందు నిలబడ్డాడు.

"మీరు పక్కన ఉంటనంటే తోల్కొస్త."

ఆమెకు అవునని చెప్పడం ఎంత సులువు. నేను మనసులో ఆమెను బతిమాలాను కూడా.

"రేపటి నుండి నాకు ఆపరేషన్ దిక్కు డ్యూటీ ఏసిన్రు. అవ్వ వార్డుల ఇంకో సిస్టర్ ఉంటది. మంచిదే. కానీ పన్నెండు మంచాలన్నా. కూసుంటదని నేను మాటియ్యలేను."

"గట్లయితే వద్దు. ఒక్కతే పోవుడు నా తల్లికి వద్దు."

"నేను ఉంట బాపూ," అన్నాను.

బాపు నా వైపు తిరిగాడు. "ఉండి? ఏం చూస్తే ఏమని ఫోన్ చేస్తవ్?"

అప్పటికే నూట ఎనిమిది బండి గల్లీ దగ్గరికి వచ్చింది. వాకిటి దాకా సందు లేక మూలమలుపు దగ్గరే ఆపి, తొందరగా తెమ్మని డ్రైవరు కేకేస్తున్నాడు. స్ట్రెచర్ గల్లీలో తిరగదట. గ్లోరీ సిస్టర్ గట్టి దుప్పటి ఒకటి అడిగింది. అమ్మ తెచ్చింది. ఇద్దరూ అవ్వను అటు ఇటు ఒరిగించి దుప్పటి కిందికి దోపారు. తల వైపు ఒక మూల అత్త పట్టుకుంది, ఇంకో మూల గ్లోరీ సిస్టర్. కాళ్ళ వైపు ఒక మూల అమ్మ.

నాలుగో మూల నేల మీద పడి ఉంది. అందరూ బాపు వైపు చూశారు. ఆయన కదలలేదు.

నేను వంగి ఆ మూల పట్టుకున్నాను. బరువుగా ఉంటుందనుకున్నాను గానీ అవ్వ బరువు లేనే లేదు. అప్పుడు బాపు నా పక్కన మోకాళ్ళ మీద కూర్చొని నా చేతి మీద చేయి వేశాడు. గట్టిగా పట్టుకున్నాడు. ఆ చేయి ఎత్తడానికి వచ్చిందో, నన్ను ఆపడానికి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆయన మొహం చూశాను. ఆయనకు కూడా ఇంకా తెలిసినట్టు లేదు.